ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ బటన్ మీకెందుకు కనిపించలేదు? మారుతున్న రంగుల వెనుక లెక్క ఇదీ

మధ్యాహ్నం రెండు గంటలు. మీరు బస్టాపులో నిలబడి ఆదాయ ధ్రువపత్రం కోసం ఫోన్‌లోనే దరఖాస్తు నింపుతున్నారు. పేరు, ఆధార్, చిరునామా అన్నీ ఇచ్చారు. చివర్లో 'సబ్మిట్' బటన్ ఉండాలి. లేత బూడిద రంగు పెట్టెలో తెల్లటి అక్షరాలేవో ఉన్నట్టున్నాయి గానీ ఎండలో ఆనడం లేదు. ఇంకా ఏదో నింపలేదేమో, అందుకే బటన్ వెలగలేదేమో అనుకుని పైకి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చూసుకున్నారు. ఈలోగా సెషన్ గడువు ముగిసింది. మళ్లీ ఓటీపీ, మళ్లీ మొదటికి.

ఇలాంటప్పుడు చాలామంది 'నాకే ఫోన్ వాడటం సరిగా రాదు' అనుకుంటారు. లేదంటే దగ్గర్లోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, ఉచితంగా అయ్యే పనికి డబ్బులిచ్చి చేయించుకుంటారు. చాలాసార్లు తప్పు మీది కాదు. ఆ బటన్‌కు ఎంచుకున్న రంగుది. అక్షరం రంగుకూ వెనుక రంగుకూ మధ్య ఎంత తేడా ఉండాలో అంకెల్లో చెప్పే ప్రమాణం ఉంది. మన దేశంలో ప్రభుత్వ సైట్లు దాన్ని పాటించాలని మార్గదర్శకాలున్నాయి, చట్టం ఉంది, సుప్రీంకోర్టు తీర్పులూ ఉన్నాయి. అయినా పాత సైట్‌కు కొత్త హంగు దిద్దినప్పుడల్లా ముందుగా దెబ్బతినేది ఈ తేడానే. ఎందుకో అర్థం కావాలంటే వెబ్‌లో రంగుల ఫ్యాషన్ ఎలా మారుతూ వచ్చిందో కాస్త చూడాలి.

లింకు నీలంగానే ఎందుకు ఉంటుంది?

1991లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొదటి వెబ్‌సైట్‌లో రంగుల సంగతే లేదు. అక్షరాలు, లింకులు, అంతే. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్‌తో బూడిద రంగు పేజీ మీద నీలం లింకులు జనానికి అలవాటయ్యాయి. ముప్పై ఏళ్లు దాటినా ఆ నీలం పోలేదు. దానికి కారణం మన కంట్లోనే ఉంది.

ఫోన్ తెరపై ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయికే. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు. కానీ ఆ తెలుపులో మన కంటికి తెలిసే వెలుగంతా మూడు సమాన వాటాలు కాదు. నూరు పాళ్లలో దాదాపు 71.5 పాళ్లు ఆకుపచ్చది, 21 పాళ్లు ఎరుపుది, నీలానిది 7 పాళ్లు మాత్రమే. అంటే తెర మీద ఎంత నిండుగా ఉన్నా నీలం మన కంటికి ముదురు రంగే. తెల్ల కాగితం మీద సిరాలా నిలబడుతుంది, అదే సమయంలో నలుపు కాదని కూడా తెలుస్తుంది. పసుపు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు. రెండింటి వాటా కలిపితే దాదాపు 93 పాళ్లు. అందుకే తెల్ల పేజీ మీద పసుపు అక్షరం ఉన్నా లేనట్టే.

ఈ లెక్క ఆధారంగానే వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 'కాంట్రాస్ట్ నిష్పత్తి' అనే కొలత పెట్టింది. తెలుపు మీద నలుపుకు అత్యధికంగా 21:1 వస్తుంది. ఒకే రంగు మీద అదే రంగుకు 1:1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద నిండు నీలానికి 8.6 వస్తుంది, సులువుగా పాస్. నిండు ఎరుపుకు 4 వస్తుంది, కొద్దిలో ఫెయిల్. నిండు ఆకుపచ్చకు 1.4, పసుపుకు 1.07. ఎర్ర అక్షరాలతో 'ముఖ్య గమనిక' అని పెట్టి, దాని కింద చిన్న ఫాంటులో అదే ఎరుపులో నాలుగు పేరాలు రాసేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి.

216 రంగుల నుంచి మెరిసే బటన్ల దాకా

1990లలో చాలా కంప్యూటర్ తెరలు ఒకేసారి 256 రంగులే చూపగలిగేవి. అందులో కొన్ని కంప్యూటర్ తన సొంత అవసరాలకు అట్టిపెట్టుకునేది. మిగిలిన వాటిలో ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించేవి 216. అప్పటి డిజైనర్లు ఆ 216లోంచే ఏరుకోవాల్సి వచ్చేది. ముదురు నీలం, మెరూన్, చిలకపచ్చ, ఆ చుట్టూనే తిరిగేవి. వాటికి తోడు పక్కకు జారే అక్షరాలు, మిణుకుమిణుకుమనే అక్షరాలు. పేజీ పైన కుడి నుంచి ఎడమకు పరిగెత్తే ప్రకటన, పక్కన ఎర్రగా మెరిసే 'న్యూ' అనే బుల్లి బొమ్మ మన ప్రభుత్వ సైట్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. నవ్వుకుంటాం గానీ, ఆ కాలం సైట్లలో ఒక మంచి గుణం ఉంది. రంగులు తక్కువ కాబట్టి నలుపు నలుపులా, నీలం నీలంలా ఉండేది. ఏది లింకో, ఏది కాదో తెలిసేది.

2000 దాటాక తెరలు లక్షల రంగులు చూపడం మొదలైంది. బటన్లకు గాజు మెరుపు, కింద నీడ, పైనుంచి కిందికి కరిగే రంగు వచ్చాయి. బటన్ నిజంగా నొక్కే వస్తువులా ఉబ్బెత్తుగా ఉండేది. ఆ తర్వాత పెద్ద మలుపు 2012, 2013లలో వచ్చింది. విండోస్ 8 చదును పలకలతో వచ్చింది. 2013 సెప్టెంబరులో ఆపిల్ ఐఓఎస్ 7తో నీడలన్నీ తీసేసింది. 2014లో గూగుల్ తన 'మెటీరియల్ డిజైన్' ప్రకటించింది. ఫోన్ చిన్నది, నెట్ నెమ్మది, బరువైన బొమ్మలు ఎందుకనే ఆలోచన దీని వెనుక ఉంది. అది సబబే. కానీ నీడ, ఉబ్బు పోయాక 'ఇది నొక్కే వస్తువు' అని చెప్పే పని మొత్తం రంగు ఒక్కదాని నెత్తిన పడింది.

సరిగ్గా అదే సమయంలో సన్నటి ఫాంటు, లేత బూడిద అక్షరం ఫ్యాషన్ అయ్యాయి. పెద్ద మానిటర్ ముందు, ఏసీ గదిలో కూర్చున్న డిజైనర్‌కు అది ఖరీదైన పత్రికలా కనిపిస్తుంది. తెలుపు మీద మామూలుగా వాడే ఒక లేత బూడిదకు నిష్పత్తి 2.8 మాత్రమే. నా దృష్టిలో గత పదిహేనేళ్లలో వచ్చిన రంగుల ఫ్యాషన్లన్నింటిలో మామూలు మనిషికి ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈ లేత బూడిదే. ఎందుకంటే 'ఈ బటన్ ఇప్పుడు పనిచేయదు' అని చెప్పడానికి వాడే రంగు కూడా అదే. పనిచేసే బటన్‌కూ, పనిచేయని బటన్‌కూ ఒకే రంగు వేస్తే బస్టాపులో నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది?

దీనికి వయసు కూడా తోడవుతుంది. వయసు పెరిగేకొద్దీ కంట్లోని కటకం పసుపుబారుతుంది, శుక్లాలు వస్తే మసకబారుతుంది. లేత రంగుల మధ్య తేడాలు ముందుగా చెదిరిపోతాయి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన పింఛనుదారులు ఈ వయసువాళ్లే. ఇంట్లో నాన్నగారో అత్తగారో ఫోన్ చేతికిచ్చి 'నువ్వే చూడరా' అంటే, అది చేతకానితనం అనుకోకండి. మీకు 35 ఏళ్ల కళ్లతో కనిపించే బటన్ వాళ్లకు నిజంగానే కనిపించకపోవచ్చు.

జెండా రంగులతో వచ్చే చిక్కు

మన ప్రభుత్వ సైట్లలో మూడు రంగులు వాడటం మామూలే. పైన కాషాయం పట్టీ, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ. అలంకారంగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ఆ కాషాయాన్ని బటన్‌కు వేసి, దాని మీద తెల్ల అక్షరాలు రాసినప్పుడే చిక్కు వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. జెండా కాషాయానికి వెబ్‌లో ఎక్కువగా వాడే కోడ్‌లు రెండున్నాయి, ఒకటి కాస్త లేతది, ఒకటి ముదురు. లేత కాషాయం మీద తెల్ల అక్షరానికి వచ్చే నిష్పత్తి 2.1. ముదురు దాని మీద 2.9. మామూలు అక్షరాలకు కావాల్సిన 4.5 మాట అటుంచి, పెద్ద అక్షరాలకు సరిపోయే 3 కూడా రెండూ దాటలేదు. అదే లేత కాషాయం మీద నల్ల అక్షరం రాస్తే నిష్పత్తి దాదాపు 10. రంగు మార్చక్కర్లేదు, అక్షరం మార్చితే చాలు. జెండా ఆకుపచ్చ మీద తెలుపుకు 4.6 వస్తుంది, అంచు మీద పాస్. అశోక చక్రం ముదురు నీలం మీద తెలుపుకు ఏకంగా 16. మూడు రంగుల్లో రాతకు పనికొచ్చేది చక్రం రంగే అన్నమాట. కాబట్టి ప్రభుత్వ సైట్లు నీలం వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఇదేమీ కొత్త జ్ఞానం కాదు. మన రైల్వే స్టేషన్ బోర్డు చూడండి. పసుపు మీద నల్ల అక్షరాలు. నిండు పసుపు మీద నలుపుకు నిష్పత్తి 19.6. కదిలే రైలు కిటికీలోంచి, మంచులో, సాయంత్రం చీకట్లో కూడా ఊరి పేరు చదవగలుగుతున్నామంటే అందుకే. టాక్సీ, ఆటో నంబరు ప్లేట్లకూ ఇదే జత. గోడ మీద, బోర్డు మీద మనకు ఎప్పుడో తెలిసిన పాఠం తెర మీదకు వచ్చేసరికి మరిచిపోయాం.

మన దగ్గర ప్రభుత్వ రంగు అంటే రాజకీయం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ కార్యాలయాలకు అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేయడం 2020లో హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ రంగులు తీసేయాలని రెండు కోర్టులూ తేల్చాయి. గోడ రంగు మార్చాలంటే సున్నం, కూలి, కోర్టు ఉత్తర్వు కావాలి. వెబ్‌సైట్ రంగు మార్చడానికి ఒక ఫైల్‌లో నాలుగు వరుసలు చాలు, ఎవరి కంటా పడదు.

కేంద్రం మటుకు ఈ విషయంలో ఒక అడుగు వేసింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2025 ఫిబ్రవరిలో 'డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్' విడుదల చేసింది. కేంద్ర మంత్రిత్వ శాఖల సైట్లన్నీ ఒకే పోలికతో ఉండేలా రంగులు, ఫాంట్లు, గుర్తులు అందులో నిర్దేశించారు. ఒక్కో శాఖ తనకు నచ్చినట్టు పది రంగులు పులమకుండా ఇచ్చిన వాటిలోంచే ఎంచుకోవాలి. బ్రిటన్ ఈ పని 2012లోనే చేసింది. అక్కడి ప్రభుత్వ సేవలన్నీ ఒకే సైట్‌లోకి తెచ్చి, నలుపు తెలుపుల మధ్య ఒక్క ఆకుపచ్చ 'మొదలుపెట్టండి' బటన్ పెట్టారు. మీరు నింపుతున్న లింకు లేదా గడి చుట్టూ నిండు పసుపు, నల్ల గీత కనిపిస్తాయి. స్టేషన్ బోర్డు జతే. 2025 జూన్‌లో వాళ్లూ పై పట్టీని నలుపు నుంచి నీలానికి మార్చారు. ఫ్యాషన్ ఎవరినీ వదలదు.

రంగు ఒక్కటే చెప్తే చాలదు

కాంట్రాస్ట్ సరిగా ఉన్నా ఇంకో సమస్య మిగులుతుంది. కొంతమందికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో ఇది దాదాపు 8 శాతం. స్త్రీలలో చాలా తక్కువ. మిగతా చోట్ల శాతం మారుతుంది గానీ లేని సమాజం లేదు. ఫేస్‌బుక్ వ్యవస్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్‌కూ ఈ లోపం ఉంది. తనకు బాగా కనిపించేది నీలమేనని 2010లో ఆయనే చెప్పారు.

ఇప్పుడు మీ ఫోన్‌కు వచ్చే ప్రభుత్వ సమాచారం గుర్తు చేసుకోండి. వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు రంగుల్లో వస్తాయి. ఆకుపచ్చ అంటే ఏమీ చేయక్కర్లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే చర్యలు తీసుకోండి. మ్యాపులో మీ జిల్లా ఆరెంజ్‌లో ఉందో ఎరుపులో ఉందో తేలకపోతే, తుపాను రోజున అది చిన్న విషయం కాదు. గాలి నాణ్యత సూచీకి కాలుష్య నియంత్రణ మండలి వాడేవి ఆరు రంగులు. అందులో ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ, పసుపు, ఆరెంజ్ వరుసగా వస్తాయి. రంగు తేడా తెలియని వ్యక్తికి ఈ నాలుగూ ఒకే రంగుకు నాలుగు ఛాయలు.

కరోనా రోజుల్లో ఆరోగ్యసేతు యాప్ మీకు ఎంత ప్రమాదం ఉందో తెర రంగుతో చూపేది. రంగుతో పాటు మాటల్లోనూ రాసేది. అది మంచి పద్ధతి. కానీ గేటు దగ్గర ఫోన్ చూసేవాళ్లకు కావాల్సింది 'పచ్చగా ఉందా లేదా' అన్నదొక్కటే. రంగు ఎప్పుడూ మాట కంటే ముందు పరిగెత్తుతుంది. అందుకే రంగుకు తోడు మాటో, అంకో, గుర్తో తప్పనిసరిగా ఉండాలని ప్రమాణాలు చెప్తాయి. ఫారంలో మీరు తప్పు నింపిన గడి చుట్టూ ఎర్ర గీత గీసి ఊరుకుంటే సరిపోదు. 'పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలి' అని పక్కన రాయాలి. హెచ్చరిక మ్యాపు చూసేటప్పుడు మీరూ రంగును నమ్ముకోకుండా జిల్లా పేరు నొక్కి, మాటల్లో ఏం రాశారో చదవండి.

డార్క్ మోడ్ పెట్టుకోవాలా?

2018లో ఆపిల్ కంప్యూటర్లలో, 2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13లతో ఫోన్లలో డార్క్ మోడ్ వచ్చింది. బ్యాటరీ ఆదా అవుతుందనే మాట సగం నిజం. ఓఎల్‌ఈడీ తెరలున్న ఫోన్లలోనే, అదీ వెలుతురు బాగా పెంచినప్పుడే తేడా పెద్దగా ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో కొలిచి చూసింది. తెర వెలుతురు 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఆదా 3 నుంచి 9 శాతమే. పూర్తి వెలుతురులో 39 నుంచి 47 శాతం.

చదవడానికి ఏది మంచిది? మామూలు చూపు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఎండలో, తెలుపు మీద నలుపే సులువు. శుక్లాల వల్ల చూపు మసకబారిన చాలామందికి మాత్రం నలుపు మీద తెలుపే బాగా చదవగలిగేలా ఉంటుంది. తెల్ల పేజీ నుంచి వచ్చే వెలుగంతా మసక కటకంలో చెదిరిపోవడమే కారణం. కొన్ని ప్రభుత్వ సైట్లలో పైన కుడి మూలన చిన్నా పెద్దా అక్షరాలు, పక్కన నల్ల గడి కనిపిస్తాయి. ఎన్నోసార్లు చూసి ఉంటారు, ఒక్కసారైనా నొక్కి ఉండరు. అవి ఇందుకే. అమ్మానాన్నల ఫోన్‌లో ఒకసారి నొక్కి చూపించండి.

ఒక జాగ్రత్త. సైట్‌ను డార్క్ మోడ్ కోసం తయారు చేయకపోయినా మీ ఫోన్ బలవంతంగా నల్లబరిస్తే, నల్ల గీతలతో ఉన్న ముద్రలు, కొన్ని బొమ్మల్లోని అక్షరాలు మాయమవుతాయి. రంగులు తిరగబడ్డ క్యూఆర్ కోడ్‌ను కొన్ని స్కానర్లు చదవలేవు. చెల్లింపు పేజీలో ఏదైనా లోపించినట్టు అనిపిస్తే ముందు డార్క్ మోడ్ తీసి చూడండి. బటన్ స్పందించినట్టు కనిపించలేదని రెండోసారి నొక్కే ముందు డబ్బు కట్ అయిందో లేదో బ్యాంకు మెసేజ్ చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ ఈ చిక్కుల్లో కొన్నింటిని వేరే దారిలో దాటేసింది. అక్కడ పేజీ రంగులు ప్రభుత్వానివి కావు, వాట్సాప్‌వి. మీకు రోజూ అలవాటైన తెరే. ఏ రంగు బాగుంటుందో శాఖల మధ్య చర్చ అక్కర్లేదు. మరో వైపు, ఆ రంగులు రేపు మారితే నిర్ణయం కూడా వాట్సాప్‌దే.

రంగును చూసి నమ్మొద్దు

నీలం పట్టీ, నాలుగు సింహాల ముద్ర, మూడు రంగుల గీత. ఇవి చూడగానే 'ప్రభుత్వానిదే' అని నమ్మేస్తాం. నకిలీ సైట్లు తయారు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ముద్ర, రంగులు కాపీ చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. కాపీ చేయలేనిది చిరునామా. చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' లేదా 'డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. మధ్యలో ఎక్కడో 'గవ్' అని ఉంటే లెక్కలోకి రాదు. కొన్ని అసలు ప్రభుత్వ సేవలు వేరే ముగింపులతోనూ ఉన్నాయి కాబట్టి, అనుమానం వస్తే గూగుల్‌లో మొదట వచ్చిన ప్రకటన మీద నొక్కకుండా సంబంధిత శాఖ సైట్ నుంచి లోపలికి వెళ్లండి.

ప్రైవేటు సైట్లలో రంగుతో జరిగే మాయ ఇంకొకటి. టికెట్ కొంటుంటే 'బీమా కావాలి' అన్నది నిండు రంగులో పెద్ద బటన్‌గా, 'వద్దు' అన్నది దాదాపు కనిపించని లేత అక్షరాల్లో ఉంటుంది. ఇది అనుకోకుండా జరిగింది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ఇలాంటి 13 పద్ధతులను నిషేధించాయి. కొనుగోలు గురించి అడిగే పాపప్‌లో 'వద్దు' అనే ఎంపికను లేత రంగులో పెట్టడాన్ని అందులో ఉదాహరణగానే పేర్కొన్నారు. ఇలా మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇది మీ హక్కు కూడా

ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు మొదటిసారి 2009లో వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్న మూడో రూపం 2023 నాటిది. అది అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1లోని రెండో స్థాయిని పాటించమంటుంది. 4.5:1 నిష్పత్తి, రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదన్న నియమం రెండూ అందులో ఉన్నాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 కూడా డిజిటల్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటుంది.

ఇన్నాళ్లూ వీటికి పట్టు లేకపోవడానికి కారణం ఉంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని, దాని కింద చేసిన నియమం సలహా స్థాయికి దించేసింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకుంది. 15వ నియమం చట్టానికి విరుద్ధంగా ఉందని చెప్పి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న కేవైసీ ఇబ్బందులపై ఇచ్చిన మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. సైట్లు, యాప్‌లకు ఎప్పటికప్పుడు అందుబాటు తనిఖీలు జరిపించాలని కూడా ఆదేశించింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసు అది. దాని ఫలితం మాత్రం ఎండలో నిలబడి ఫోన్ చూసే ప్రతి ఒక్కరికీ అందుతుంది.

మీ ఫోన్‌లోనే పరీక్షించండి

సైట్‌లో తప్పుందా, మీ కళ్లలోనా అన్న అనుమానం తీర్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ఫోన్ తెరను కాసేపు నలుపు తెలుపుల్లోకి మార్చండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో 'కలర్ కరెక్షన్' కింద గ్రేస్కేల్ ఉంటుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్‌లో 'కలర్ ఫిల్టర్స్' కింద ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు కాస్త అటూఇటూ మారతాయి. ఇప్పుడు ఆ పేజీ చూడండి. బటన్ మీది అక్షరం వెనుక రంగులో కలిసిపోయిందా? తప్పు నింపిన గడి ఏదో గుర్తుపట్టలేకపోతున్నారా? అయితే లోపం సైట్‌దే. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీస్తే అది మళ్లీ రంగుల్లోనే వస్తుంది, కంగారుపడకండి. నలుపు తెలుపు మారింది మీ తెర మీదే, బొమ్మలో కాదు.

అదే యాక్సెసిబిలిటీ మెనూలో అక్షరాల కాంట్రాస్ట్ పెంచే సెట్టింగ్, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివారికి రంగులు సర్దే సెట్టింగ్ కూడా ఉంటాయి. ఎండలో ఉన్నప్పుడు వెలుతురు పూర్తిగా పెంచండి. కళ్లకు చల్లగా ఉంటుందని పెట్టుకునే పసుపు ఛాయ 'నైట్ లైట్' తీసేయండి. అది లేత నీలం, బూడిద మధ్య తేడాను ఇంకా తగ్గిస్తుంది.

ఇక ఫిర్యాదు. మార్గదర్శకాల ప్రకారం ప్రతి ప్రభుత్వ సైట్‌కూ 'వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్' ఉండాలి. వారి వివరాలు సైట్‌లోనే, ఎక్కువగా పేజీ అట్టడుగున ఉంటాయి. ముందు వారికి రాయండి. 'సైట్ బాగాలేదు' అని రాస్తే పక్కన పడేస్తారు. ఏ పేజీ, ఏ బటన్, ఏ ఫోన్, ఎన్ని గంటలకు అన్నది రాసి, స్క్రీన్‌షాట్ పెట్టి, 'అక్షరానికీ నేపథ్యానికీ 4.5:1 నిష్పత్తి లేదు' అన్న ఒక్క వాక్యం చేర్చండి. ఆ అంకె చూడగానే అవతలివారికి ఇది అభిరుచి గురించిన మాట కాదని తెలుస్తుంది. కేంద్ర శాఖల సైట్ అయితే సీపీగ్రామ్స్ పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. 2024 ఆగస్టు నుంచి అక్కడ ఫిర్యాదు పరిష్కారానికి గడువు 21 రోజులు. సమాధానం నచ్చకపోతే అక్కడే అప్పీలు కూడా చేసుకోవచ్చు. చూపు సమస్య ఉన్నవారి తరఫున అయితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా రాయవచ్చు.